అతుకు ఎవరిదైతే యంత్రం వాళ్లదే
కంప్యూటర్ చరిత్రలో హైదరాబాద్ అనుభవం

హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజా అన్న పేరు మిగిలింది గాని దర్వాజా మిగల్లేదు. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా మొదటి అసఫ్‌జా పూర్తి చేయించిన నగర ప్రాకారానికి పదమూడు దర్వాజాలుండేవి. వాటిలో ఇదొకటి. ఇవాళ నిలిచి వున్నవి పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే. కోట గోడలున్న ఏ వూళ్లోనైనా గోడ ఎంత పొడుగున్నా అధికారం చెలాయించేది దర్వాజా దగ్గరే. లోపలికి ఏ బండి రావాలి, రాత్రి ఏ వేళకు తలుపు మూయాలి, ఎవరిని నిలబెట్టి ఆరా తియ్యాలి అన్నవి తేలేది అక్కడే. తాళంచెవి ఎవరి చేతిలో వుంటే వూరు వాళ్ల చేతిలో వున్నట్టు.

కంప్యూటర్‌కు కూడా దర్వాజాలున్నాయి. కీబోర్డు, తెర, ప్రింటరు, డిస్కు, మరో కంప్యూటర్ - వీటన్నిటినీ దానికి తగిలించే చోట్లు అవి. ఇంగ్లీషులో పోర్టు అంటారు. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం ద్వారం అనే. ఏ పిన్ను ఎక్కడ వుండాలి, దాని గుండా ఎంత కరెంటు పోవాలి, ఏ సంకేతం వెనక ఏ సంకేతం రావాలి అన్న నియమాలన్నీ కలిస్తే ఒక అనుసంధాన ప్రమాణం అవుతుంది. ఇది ఇంజనీర్ల వ్యవహారం లాగే కనబడుతుంది. కాని ఆ నియమాలు ఎవరి ఆస్తి, వాటిని ఎవరికి చెబుతారు, ఎవరికి దాస్తారు, ఎప్పుడు మారుస్తారు అన్నది ఇంజనీర్ల వ్యవహారం కాదు. అది ఆస్తి సంబంధాల సమస్య.

యంత్రాన్ని డబ్బు పెట్టి కొనవచ్చు. యంత్రం యజమానిని దేశం నుంచి సాగనంపవచ్చు. సొంత యంత్రాన్ని తయారు చేసుకోవచ్చు. అయితే అతుకు మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్న తేలనంత వరకు ఈ మూడింటిలో ఏదీ పూర్తి స్వావలంబన కాదు. ఈ మాటను సిద్ధాంతంగా కాక చరిత్రగా చూడడానికి హైదరాబాద్ తగిన చోటు.

పట్టాల కొలత

కంప్యూటర్లకు చాలా ముందే ఈ నగరం అనుసంధాన ప్రమాణం అంటే ఏమిటో రైలు పట్టాల రూపంలో చూసింది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన లైను బ్రాడ్ గేజి, అంటే పట్టాల మధ్య అయిదడుగుల ఆరంగుళాల దూరం. బ్రిటిషిండియా ప్రధాన మార్గాల కొలత అదే. దాన్ని చందా వరకు పొడిగించే పథకం లండన్ పెట్టుబడిదార్లతో కుదిరినప్పుడు, రాజ్యం నెత్తిన పడే భారం ఎంతో ప్రజలకు చెప్పాలని అడిగినందుకు 1883లో అఘోరనాథ చట్టోపాధ్యాయను నిజాం ప్రభుత్వం రాజ్య బహిష్కారం చేసింది. సరోజినీ నాయుడి తండ్రిగా మాత్రమే ఆయన్ను గుర్తుంచుకోవడం సరిపోదు. సాంకేతిక ఒప్పందం ప్రజల చర్చకు రావాలని ఈ నగరంలో అడిగిన తొలి తరం వాళ్లలో ఆయనొకడు.

తరవాత 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు వేసిన గోదావరి లోయ రైలుమార్గం మీటర్ గేజి. ఖర్చు తగ్గుతుందన్నది అధికారికంగా చెప్పే కారణం. అది అబద్ధమేమీ కాదు. అయితే ఆ పొదుపు ఎవరికి, ఖర్చు ఎవరికి? మన్మాడ్‌లో రెండు కొలతలు ఎదురుపడేవి. బొంబాయికి పోవలసిన మూటలను ఒక వ్యాగన్‌లో నుంచి దించి మరో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. కొలతలు కలవని చోట హమాలీ వీపే అడాప్టరయింది. కంపెనీ లెక్కల్లో పొదుపుగా కనబడింది మనిషి ఒంటి మీద భారంగా దిగింది.

1930లో నిజాం ప్రభుత్వం ఈ రైల్వేను కంపెనీ చేతుల్లో నుంచి కొనేసింది. యజమాని మారాడు. పట్టాల కొలత మారలేదు. లాల్‌దర్వాజాకు దగ్గరలోని ఉప్పుగూడ, ఫలక్‌నుమా మీదుగా కర్నూలు వైపు పోయే లైను కూడా మీటర్ గేజిగానే దశాబ్దాల పాటు నడిచింది. దేశమంతటా ఒకే గేజి అన్న పథకం మొదలయింది 1992లో. యాజమాన్యం ఒక్క సంతకంతో చేతులు మారుతుంది. ఒకసారి భూమిలో దిగిన ప్రమాణం మాత్రం అరవై ఏళ్లయినా కదలదు. ఈ తేడాను గుర్తుపెట్టుకుని కంప్యూటర్ల దగ్గరికి వద్దాం.

చిల్లుల కార్డు

ఐ.బి.ఎం. సామ్రాజ్యానికి పునాది కంప్యూటర్ కాదు, అట్టముక్క. 1928లో అది తెచ్చిన 80 వరసల కార్డులో చిల్లులు దీర్ఘచతురస్రాలు. పోటీదారు రెమింగ్టన్ రాండ్ కార్డులో గుండ్రని చిల్లులు. ఒకరి కార్డు మరొకరి యంత్రంలో పనికి రాదు. ఐ.బి.ఎం. యంత్రాలను అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. అద్దెకు తీసుకున్నవాడు కార్డులు కూడా తన దగ్గరే కొనాలని షరతు పెట్టేది. 1936లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదని తీర్పు చెప్పింది. యంత్రాలను అద్దెకే కాక అమ్మకానికి కూడా పెట్టాలన్న నిబంధనకు ఐ.బి.ఎం. తల వొగ్గింది 1956లో. గుత్త సంస్థ సొంత దేశంలోనే, పెట్టుబడిదారీ న్యాయస్థానాల్లోనే రుజువైన నేరం ఇది. దీన్ని వామపక్షాల అతిశయోక్తి అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

1964లో వచ్చిన సిస్టమ్ 360తో అతుకు రాజకీయం కొత్త దశకు చేరింది. ఆ కుటుంబంలో చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాము పెద్ద యంత్రం మీద కూడా నడుస్తుంది. ఇది నిజమైన ముందడుగు. కాని ఆ పొందిక అంతా ఒకే ఇంటి గోడల లోపల. టెలెక్స్, మెమొరెక్స్ వంటి కంపెనీలు ఐ.బి.ఎం. యంత్రానికే తగిలించగల టేపు, డిస్కు పరికరాలను తక్కువ ధరకు చెయ్యడం మొదలుపెట్టగానే ఐ.బి.ఎం. ధరల పట్టికనూ, అతుకునూ కూడా ఆయుధాలుగా వాడింది. బయట వుండే నియంత్రణ భాగాన్ని ప్రధాన యంత్రం లోపలికి లాగేస్తే బయటివాడు తగిలించడానికి చోటే వుండదు. టెలెక్స్ 1973లో కోర్టులో గెలిచి 1975లో అప్పీలులో ఓడింది. అమెరికా ప్రభుత్వం 1969లో వేసిన దావా పదమూడేళ్లు సాగి, 1982లో ఫలితం లేకుండా ఉపసంహరణ అయింది. యూరప్ మాత్రం 1984లో ఐ.బి.ఎం. చేత ఒక హామీ రాయించుకుంది: కొత్త యంత్రం ప్రకటించిన నాలుగు నెలల్లోగా దాని అతుకు వివరాలు పోటీదారులకు వెల్లడించాలి. ఇక్కడ వివాదం యంత్రాన్ని గురించి కాదు, కేవలం అతుకు సమాచారాన్ని గురించే అన్నది గమనించదగ్గ విషయం.

ఐ.బి.ఎం. వెళ్లింది, ఏం మిగిలింది?

ఐ.బి.ఎం. మన దేశానికి 1951లో వచ్చింది. 1959లో అమెరికాలో ప్రకటించిన 1401 యంత్రాన్ని మన దేశంలో ఎక్కువగా అద్దెకిచ్చింది. అక్కడ వాడి వదిలేసిన యంత్రాలను బొంబాయి ఫ్యాక్టరీలో బాగు చేసి ఇక్కడ అద్దెకు తిప్పడం ఆ వ్యాపారంలో ముఖ్యభాగం. 1971లో అమెరికాలో అమ్మకం ఆపేసిన నమూనాకు భారత ప్రభుత్వ సంస్థలు ఆ తరవాత కూడా అద్దె కడుతూ వచ్చాయి. 1975-76లో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ వాటాను నలభై శాతానికి తగ్గించుకోమంది. బ్రిటిష్ కంపెనీ ఐ.సి.ఎల్. తగ్గించుకుని వుండిపోయింది. ఐ.బి.ఎం. నూరు శాతం యాజమాన్యం లేకుండా వుండనంది. జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా వున్న కాలంలో బేరం తెగి, 1978లో అది దేశం విడిచి వెళ్లింది. ఆ రోజుల్లో ఇది స్వావలంబన విజయంగా ప్రచారమయింది. సగం నిజం. అద్దె ఆగింది, పెత్తనం చేసే కార్యాలయం మూతబడింది. కాని దేశమంతటా ఆఫీసుల్లో యంత్రాలు మిగిలాయి, ఎనభై వరసల కార్డులు మిగిలాయి, వాటి కోసమే రాసిన ప్రోగ్రాములు మిగిలాయి. పట్టాల కొలత లాగే.

ఆ యంత్రాలను బతికించే పని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. సి.ఎం.సి. అన్న ఆ ప్రభుత్వరంగ సంస్థ పరిశోధన విభాగం తరవాత హైదరాబాద్ జంటనగరాల్లో వేళ్లూనుకుంది. ఈ సంస్థ చేసిన పనికి మన మేధావులు ఇవ్వవలసిన విలువ ఇవ్వలేదు. మరమ్మత్తు అంటే రెండో తరగతి పని అన్న చిన్నచూపు మనలో వుంది. చేతిపనిని తక్కువ చేసే పాత కులసంస్కృతి దీని వెనకాల లేదని చెప్పలేం. నిజానికి తయారీదారు అండ లేకుండా యంత్రాన్ని నడిపించాలంటే ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏ సంకేతానికి ఏ జవాబు రావాలో స్వయంగా తెలుసుకోక తప్పదు. సి.ఎం.సి. ఇంజనీర్లు ఒక కంపెనీ యంత్రాలకే పరిమితం కాకుండా అనేక కంపెనీల యంత్రాలను బాగు చెయ్యడం నేర్చారు. యజమాని దాచిపెట్టిన అతుకు జ్ఞానం మరమ్మత్తు చేసే చేతుల్లోకి వచ్చింది. 1985-86లో ఢిల్లీలో మొదలైన రైల్వే రిజర్వేషన్ కంప్యూటరీకరణ కూడా ఈ సంస్థ చేసిందే.

అయితే ఆ రిజర్వేషన్ వ్యవస్థ నడిచింది అమెరికా డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వారి వాక్స్ యంత్రం మీద. ఆ కంపెనీని 1998లో కాంపాక్, కాంపాక్‌ను 2002లో హెచ్.పి. మింగాయి. మన రైల్వే టిక్కెట్టు మాత్రం ఏళ్ల తరబడి ఆ యంత్ర వంశం వెంటే నడవాల్సి వచ్చింది. సి.ఎం.సి. సంగతి చూస్తే, 2001లో ప్రభుత్వం దాన్ని టాటాలకు అమ్మింది. 2015లో అది టి.సి.ఎస్.లో కలిసిపోయింది. ప్రజల డబ్బుతో పోగుపడిన మరమ్మత్తు జ్ఞానం ప్రైవేటు ఖాతాలో జమ అయింది.

సొంత యంత్రం

హైదరాబాద్ రెండో అనుభవం ఇ.సి.ఐ.ఎల్. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఈ సంస్థకు సారథి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఆయన పేరుతోనే నగరంలో ఎ.ఎస్. రావు నగర్ వెలిసింది. 1969లో ట్రాంబేలో పని మొదలుపెట్టిన టి.డి.సి.-12, తరవాత 1970లలో ఇ.సి.ఐ.ఎల్. తెచ్చిన టి.డి.సి.-312, టి.డి.సి.-316 యంత్రాలు ఈ దేశపు ఇంజనీర్లు తలకెత్తుకున్న పెద్ద సవాలుకు సాక్ష్యాలు. విదేశీ కంపెనీ అనుమతి అడక్కుండా కంప్యూటర్‌ను కట్టగలమని అవి రుజువు చేశాయి. ఈ గౌరవాన్ని ఎవరూ తగ్గించలేరు.

కాని కంప్యూటర్ అంటే మధ్యలో వుండే లెక్కల పెట్టె ఒక్కటే కాదు. దానికి డిస్కు కావాలి, టేపు కావాలి, ప్రింటరు కావాలి. వీటిలో అధికభాగం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఒక్కో పరికరం ఒక్కో విదేశీ కంపెనీ అతుకుతో వస్తుంది. దాన్ని సొంత యంత్రానికి కలపడానికి ప్రత్యేక సర్క్యూటు, ప్రత్యేక ప్రోగ్రాము తయారు చెయ్యాలి. అవి తయారయ్యేసరికి పరికరం పాతబడుతుంది. మరోవైపు ఈ యంత్రం మీద రాసిన ప్రోగ్రాము ఇతర యంత్రాల మీద నడవదు, ప్రపంచంలో అప్పటికే రాసి వున్న ప్రోగ్రాములు దీని మీద నడవవు. అణుశక్తి, రక్షణ శాఖల వంటి కొనుగోలుదార్లు వున్నంత మేరకు ఇది సాగింది; బజారులో సాగలేదు. 1978 తరవాత చిన్న కంప్యూటర్ల రంగంలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 1984 నవంబరు విధానంతో దిగుమతులకు తలుపు బార్లా తెరుచుకుంది.

ప్రభుత్వరంగం సోమరితనం వల్లనే ఇట్లా జరిగిందని ఉదారవాద ఆర్థికవేత్తలు తేల్చేస్తారు. ఆ తీర్పు అసలు కారణాన్ని దాటవేస్తుంది. పెట్టె మనది, అతుకులు వాళ్లవి. మరోపక్క మనం ఒప్పుకోవలసింది కూడా వుంది. గోడ కట్టుకుని లోపల ఒంటరిగా వుండడం స్వావలంబన కాదు. ఇ.సి.ఐ.ఎల్. అతుకు నియమాలను బహిరంగంగా ప్రచురించి, వాటికి తగ్గట్టు ప్రింటరు చేసే చిన్న కార్ఖానాను బాలానగర్‌లోనో, టేపు పరికరం చేసే వర్క్‌షాపును బెంగుళూరులోనో ప్రభుత్వం పెంచివుంటే కథ మరోలా వుండేదా? చరిత్రలో అట్లాంటి ప్రశ్నలకు కచ్చితమైన జవాబులుండవు. కాని ఆ ప్రశ్న విధానాల చర్చలో ముందుకు రానేలేదన్నది ముఖ్యం.

కార్మికోద్యమం వైపు చూసినా ఇదే. 1960లలో కలకత్తా జీవిత బీమా ఉద్యోగులు కంప్యూటర్‌ను అడ్డుకున్నారు. ఉద్యోగాలు పోతాయన్న భయం న్యాయమైనది. ఆ పోరాటం గౌరవించదగ్గది. యంత్రం కావాలా వద్దా అన్న ప్రశ్న చుట్టూ చర్చ తిరిగింది. వచ్చే యంత్రం ఎవరి షరతులకు లోబడి వుంటుంది అన్న ప్రశ్న పక్కకు పోయింది. యంత్రం ఎట్లాగూ వచ్చింది. షరతులు కూడా దానితోనే వచ్చాయి.

తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. చిన్న కంప్యూటర్‌ను, అంటే పి.సి.ని, హడావుడిగా మార్కెట్లోకి తెచ్చింది. తొందరలో బయటి భాగాలు వాడింది, విస్తరణ కార్డులు తగిలించే అతుకు వివరాలు ప్రచురించింది. తన దగ్గర దాచుకున్న తాళంచెవి ఒక్కటే: బయోస్ అనే ప్రారంభ ప్రోగ్రాము మీద కాపీరైటు. కాంపాక్ కంపెనీ, తరవాత 1984లో ఫీనిక్స్ సంస్థ, ఆ ప్రోగ్రామును చూడకుండా దాని పనిని మాత్రమే తెలుసుకుని కొత్తగా రాయించుకున్నాయి. తాళం తెగింది. నకలు యంత్రాలు వెల్లువెత్తాయి. ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో, హైదరాబాద్‌లో, ఎక్కడైనా స్క్రూడ్రైవరు పట్టుకున్న కుర్రవాడు కంప్యూటర్ బిగించగలిగాడంటే కారణం ఆ అతుకు బహిరంగం కావడమే.

పోయిన పెత్తనాన్ని తిరిగి తెచ్చుకోవడానికి 1987లో ఐ.బి.ఎం. మైక్రోచానెల్ అన్న కొత్త అతుకు తెచ్చింది. సాంకేతికంగా అది మెరుగైనదే. కాని పేటెంట్ల కంచె వేసి, వాడేవాళ్ల దగ్గర రాయల్టీ అడిగింది. పాత కార్డులు అందులో పట్టవు. 1988లో తొమ్మిది కంపెనీలు ఏకమై, పాత కార్డులు కూడా పట్టే మరో ప్రమాణాన్ని ప్రకటించాయి. మైక్రోచానెల్ మార్కెట్లో నిలవలేదు. పెట్టుబడిదార్ల మధ్య పోటీలో జనానికి లాభం కలిగిన సందర్భం ఇది. అయితే ఆ లాభాన్ని పెట్టుబడి స్వభావం అనుకుంటే పొరపాటు. చిన్న గుత్తదార్లకు పెద్ద గుత్తదారు అడ్డమైనప్పుడే బహిరంగ ప్రమాణం మీద ప్రేమ పుడుతుంది.

తెలుగు అక్షరం ఇరుక్కున్న చోటు

ఈ అతుకుల గొడవ మన భాషకు తగల్లేదని రచయితలు అనుకోనక్కరలేదు. 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లో రూపుదిద్దుకుని, 1988లో ఏర్పడిన పుణే సి-డాక్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన జిస్ట్ కార్డు ఒక హార్డ్‌వేర్ పలక. పి.సి. విస్తరణ సాకెట్టులో దాన్ని బిగిస్తే తెర మీద తెలుగు, హిందీ, తమిళం వచ్చేవి. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన ఇస్కీ సంకేతాలు దానికి ఆధారం. ప్రజాధనంతో జరిగిన విలువైన పని. ఇరవయ్యో శతాబ్దం చివరి సంవత్సరాల్లో పి.సి.లలో ఆ రకం సాకెట్టే మాయమవుతూ వచ్చింది. సాకెట్టు పోతే కార్డు పోయింది. అక్షరాన్ని యంత్రంలో ఒక ప్రత్యేక అతుకుకు కట్టేస్తే, ఆ అతుకు మీద అధికారం లేని భాష దానితోపాటే పాతబడుతుంది.

అచ్చు పని సంగతి వేరేగా లేదు. సీసపు అక్షరాలు పోయి డి.టి.పి. వచ్చాక, లాల్‌దర్వాజా బోనాల కరపత్రం నుంచి ఛత్తా బజార్ పెళ్లి పత్రిక దాకా కంప్యూటర్ మీదనే తయారవుతూ వచ్చాయి. అక్షరాలు అమ్మే కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో రహస్య సంకేతం పెట్టుకున్నాయి. ఒకరి దగ్గర కంపోజు చేసిన వ్యాసం మరొకరి దగ్గర అర్థం లేని గీతలుగా తెరుచుకునేది. భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ అన్న హార్డ్‌వేర్ తాళం కూడా తగిలించారు. అది ప్రింటరు పోర్టుకు గుచ్చి వుంటే తప్ప అక్షరాలు రావు. సెంట్రోనిక్స్ అన్న కంపెనీ 1970లో తెచ్చిన అతుకు ఎవరైనా వాడుకునే ప్రింటరు దర్వాజాగా స్థిరపడితే, ఆ బహిరంగ దర్వాజా మీదే ప్రైవేటు తాళం వేశారన్నమాట. తరవాత కంప్యూటర్లలో ఆ పోర్టు తీసేశారు. తాళం పెట్టే చోటు లేక, డబ్బిచ్చి కొన్న అక్షరాలు పనికిరాకుండా పోయే పరిస్థితి వచ్చింది. పాత యంత్రాన్ని మూలన పెట్టుకుని దానితోనే నెట్టుకురావడం, లేదా మళ్లీ కొనడం. రెండింటిలో ఏదైనా భారం పడేది కంపోజర్ మీద, చిన్న ప్రెస్సు మీద, చిన్న పత్రిక మీద.

ఇవాళ్టి లెక్క

1996లో వచ్చిన యు.ఎస్.బి. ఈ అరాచకానికి చాలా వరకు ముగింపు పలికింది. కాని అది కూడా కంపెనీల కూటమి ఆస్తే. ఉత్పత్తికి సొంత గుర్తింపు సంఖ్య కావాలంటే వేల డాలర్ల రుసుము కట్టాలి; చిన్న తయారీదారుకు అది చిన్న మొత్తం కాదు. 2011లో ఇంటెల్, ఆపిల్ కలిసి తెచ్చిన థండర్‌బోల్ట్ లైసెన్సుల కంచెలోనే పెరిగింది. 2019లో దాని వివరాలను యు.ఎస్.బి. కూటమికి అప్పగించాకనే దారి కొంత తెరుచుకుంది. ఆపిల్ 2012లో ఫోనుకు పెట్టిన లైట్నింగ్ అతుకులో తీగ అసలుదా కాదా అని పరీక్షించే చిప్పు కూడా వుంది. రాగి తీగకు కాపలాదారును పెట్టారన్నమాట.

యూరప్ 2009లో ఫోను కంపెనీలతో స్వచ్ఛంద ఒప్పందం చేసుకుని, అది చాలదని గ్రహించడానికి పదేళ్లకు పైగా పట్టింది. 2022లో చట్టం చేశాక, 2023లో ఆపిల్ తన ఫోనుకు యు.ఎస్.బి.-సి పెట్టింది. 2024 డిసెంబరు 28 నుంచి యూరప్‌లో కొత్త ఫోన్లకు అది తప్పనిసరయింది. సద్బోధకు లొంగని కంపెనీ చట్టానికి లొంగింది. మన దేశంలో 2010లో ఇ-పరిపాలనకు బహిరంగ ప్రమాణాల విధానం వచ్చింది. 2023 జనవరిలో భారత ప్రమాణాల సంస్థ యు.ఎస్.బి.-సికి ప్రమాణం ప్రచురించింది. ఇవి మంచి అడుగులు. అయినా ప్రమాణం కాగితం మీద వుండడం వేరు, ప్రతి ప్రభుత్వ కొనుగోలులోనూ షరతుగా వుండడం వేరు.

ఆ షరతులు ఏమిటో ఈ నగర చరిత్రే చెబుతోంది. ప్రజాధనంతో కొనే ఏ యంత్రానికైనా అతుకు వివరాలు బహిరంగంగా వుండాలి. దాన్ని బాగు చేసుకునే హక్కు, బాగు చెయ్యడం నేర్పే హక్కు కొన్నవాళ్లకు వుండాలి. కంపెనీ మూతపడినా, చేతులు మారినా ఆ హక్కులు పోకూడదు. సి.ఎం.సి. మరమ్మత్తు బల్ల మీద సంపాదించిన జ్ఞానాన్ని అమ్మేసుకున్నట్టు మరోసారి అమ్ముకోకూడదు. ఆసుపత్రిలో స్కానింగు యంత్రం మొదలు పాఠశాలలో కంప్యూటర్ దాకా ఇది వర్తిస్తుంది.

ఒప్పందం వల్ల పడే భారం ఎంతో చెప్పమని 1883లో అడిగినవాణ్ణి రాజ్యం దాటించారు. ఇప్పుడు అట్లా దాటించరు. సాంకేతిక విషయం మీకర్థం కాదని చెప్పి పంపిస్తారు. అర్థం చేసుకోవడం, అర్థం చేయించడం కలం పట్టినవాళ్ల పనిలో భాగమే.